పదహారణాల నొప్పి

"పదికి ఎంత ఉంది నొప్పి, అవ్వా?" అని నర్సమ్మ అడిగితే మా జేజికి ఆ లెక్క ఎక్కలేదు. అసలు లేకపోతే సున్నా, ఇక ఓర్చుకోలేనంత ఉంటే పది అని ఆమె ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. జేజి పైన తిరుగుతున్న ఫ్యాను వైపు కాసేపు చూసి, "పదికి నాకు తెలీదు గానీ తల్లీ, రూపాయికి చెప్తా రాసుకో. కదలకుండా పండుకుంటే బేడంత. కదిలిస్తే పదారణాలూ" అంది. బేడ అంటే రెండణాలని ఆ నర్సమ్మకు నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వి, పడుకున్నప్పుడు ఒకటి, కదిలినప్పుడు పది అని కేసు షీటులో వేరువేరుగా రాసుకుంది.

అప్పటికి జేజి పడి ముప్పై ఆరు గంటలైంది. అన్ని గంటల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నాది కోడుమూరులో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు కాలిపోతే తీగ చుట్టి ఇస్తుంటాను. డాక్టరీ నాకు తెలీదు. ఇక్కడ రాసే మందుల పేర్లు, లెక్కలు ఆ రోజు అడిగి తెలుసుకున్నవి, మా మరదలు ఫోన్లో విడమరిచి చెప్పినవి, తర్వాత నిద్ర పట్టని రాత్రుళ్ళు కూర్చుని చదివినవి.

పోయిన కార్తీకమాసం, సోమవారం. జేజికి డెబ్బై తొమ్మిదేళ్ళు. కార్తీకంలో తెల్లారకముందే తలకు పోసుకుని తులసికోట దగ్గర దీపం పెట్టడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు, చలిగా ఉంది వద్దంటే వినే మనిషి కాదు. మా బచ్చలిలో, అంటే స్నానాల గదిలో, పరిచింది బేతంచెర్ల బండ, అద్దంలా పాలిష్ పట్టింది, ఇల్లు కట్టినప్పుడు నాయన ముచ్చటపడి వేయించాడు. దాని మీద సబ్బు నీళ్ళు పడితే మాకే కాలు నిలవదు. నాలుగున్నరకు ఒక్క కేక. మేం పోయేసరికి ఎడమ పక్కకు పడి ఉంది, ఎడమ కాలు కుడికాలి కంటే పొట్టిగా కనిపిస్తోంది, పాదం పూర్తిగా బయటి వైపుకు వాలిపోయింది. ముసలివాళ్ళు పడ్డాక కాలు అలా కనిపిస్తే ఎక్స్‌రే తీయకముందే డాక్టర్లకు తుంటి మీద అనుమానం వస్తుందట. మాకు అదేం తెలుసు. పక్కింటి పెద్దమ్మ "కీలు తప్పిందేమో" అని పాదం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. జేజి నోరు తెరిచింది, శబ్దం మాత్రం రాలేదు.

మా జేజి నొప్పికి ఏడ్చే రకం కాదు. శనక్కాయ చెట్లు పీకేటప్పుడు తేలు కుడితే సున్నం రాసుకుని మళ్ళీ సాలు పట్టిన మనిషి. ఆమె ఏడవడం లేదంటే నొప్పి లేదని కాదు. ఇంట్లో మాకు ఆ సంగతి తెలుసు, ఆసుపత్రి వాళ్ళకు తెలీదు, వాళ్ళకు చెప్పాలని మాకు తోచలేదు.

పెద్దనాయన పుత్తూరు కట్టు కట్టిద్దాం అన్నాడు. 108లో వచ్చిన అబ్బాయి, "తుంటి కీలు కండల్లో లోపలెక్కడో ఉంటుంది పెద్దాయనా, చేతికి కట్టినట్టు బయట నుంచి బద్దలు కట్టి దాన్ని కదలకుండా ఆపలేం" అని, కాళ్ళ మధ్య దిండు పెట్టి రెండు కాళ్ళనూ కలిపి దుప్పటితో కట్టాడు. కోడుమూరు నుంచి కర్నూలుకు నలభై కిలోమీటర్లు ఉంటుంది, వారానికి రెండుసార్లు రాగి తీగ కోసం బైకు మీద తిరిగే దారి అది, అందులో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో నాకు ఆ రోజు తెలిసింది. ఒక్కొక్క దానికి జేజి నా మణికట్టు పట్టుకున్న పట్టు బిగిసేది.

కర్నూల్లో మేం మొదట పోయిన ఆసుపత్రి పేరు రాయను. అక్కడ నలుగురు దుప్పటి అంచులు పట్టుకుని జేజిని ఎక్స్‌రే బల్ల మీదకు జరిపారు, కాలు లోపలికి తిప్పి ఒక ఫిల్మ్, పక్క నుంచి ఒకటి. తొడ ఎముక మెడకు కాస్త కింద విరిగింది, ఇంటర్‌ట్రోకాంటెరిక్ ఫ్రాక్చర్ అంటారట, లోపల రాడ్ వేయాలి అన్నారు. కాలికి పట్టీ చుట్టి, తాడు కట్టి, మంచం చివర నుంచి రెండు ఇటుకలు వేలాడదీశారు. ఆపరేషన్‌కు ముందు ఇలా బరువు కట్టడం వల్ల నొప్పి తగ్గుతుందని పరిశోధనల్లో తేలలేదని తర్వాత చదివాను, కానీ ఆ రోజు ఆ ఇటుకలు చూస్తే ఏదో వైద్యం జరుగుతోందన్న ధైర్యం వచ్చిన మాట నిజం. ఒక నొప్పి సూది వేశారు. మధ్యాహ్నం రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.7 వచ్చేసరికి, కిడ్నీలకు మంచిది కాదని ఆ సూది ఆపేసి ట్రమడాల్ అనే ఇంకో నొప్పి మందు పెట్టారు. సాయంత్రానికి రెండుసార్లు వాంతి. విరిగిన తుంటితో వాంతి చేసుకోవడమంటే ఏంటో పక్కనుండి చూస్తే తప్ప అర్థం కాదు.

రాత్రి పన్నెండు దాటాక జేజి మనిషి మారిపోయింది. జేజినాయన పోయి పద్దెనిమిదేళ్ళు. ఆయన్ను పిలిచి "ఎనుములకు నీళ్ళు పెట్టినావా" అని అడుగుతుంది, సెలైన్ పైపు పట్టుకుని పీకబోతుంది, మా అత్తను చూసి నువ్వెవరమ్మా అంటుంది, సొంత కూతుర్ని. డ్యూటీలో ఉన్న సిస్టర్ "ముసలోళ్ళకు మామూలే" అని వెళ్ళిపోయింది. అది ఆ మందు వల్లే అని నేను చెప్పలేను, నొప్పి, నిద్ర లేకపోవడం, కొత్త చోటు, ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం, అన్నీ కలిసి పెద్దవయసు వాళ్ళను అలా చేస్తాయట. దానికి డెలీరియం అని పేరు కూడా ఉందని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

నీళ్ళు తగ్గడం అన్నాను కదా. ఆ రోజంతా జేజి నీళ్ళు తాగలేదు. అత్త గ్లాసు నోటి దగ్గర పెడితే పెదాలు బిగించేది. చివరికి విసుక్కుని అడిగితే, "తాగితే మళ్ళా ఎత్తాల గదమ్మా నన్ను" అంది. బెడ్‌పాన్ పెట్టాలంటే నడుము ఎత్తాలి. ఆ ఒక్క జానెడు ఎత్తడానికి భయపడి ఒక మనిషి దాహం చంపుకుంది, మేం పక్కనే కూర్చుని "ఓర్చుకో జేజీ, ఆపరేషన్ అయితే అంతా పోతుంది" అంటున్నాం. ఆపరేషనేమో గుండె పరీక్ష చేసే డాక్టరు బుధవారం గానీ రారని ఆగింది.

మంగళవారం మధ్యాహ్నం మా మరదలు, అత్త కూతురు, బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఎమర్జెన్సీలో నర్సు. మొదటి ప్రశ్నే, "బావా, అవ్వకు బ్లాక్ ఇచ్చినారా?"

నాకు తెలిసిన బ్లాక్ సినిమా టికెట్లది. తుంటి దగ్గర నరాలకు తిమ్మిరి సూది వేస్తారు, కాలి నొప్పి తగ్గుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది, ఆపరేషన్ దాకా ఆగక్కర్లేదు, క్యాజువాలిటీకి వచ్చిన గంట రెండు గంటల్లోనే మా దగ్గర ఇచ్చేస్తారు అని చెప్పింది. పోయి డ్యూటీ డాక్టర్ను అడిగాను. "అవన్నీ థియేటర్లో ఇచ్చేవి, విరిగినాక నొప్పి ఉండదా" అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆ కుర్రాడు నలభై మంచాలకు ఒక్కడే తిరుగుతున్నాడు, ఆ ఆసుపత్రికి మత్తు డాక్టర్ ఆపరేషన్ ఉన్నప్పుడే బయట నుంచి వచ్చిపోతాడు. ఆపరేషన్ లేని రోజు నొప్పికి మత్తు డాక్టర్ ఎందుకొస్తాడు? చిన్న ఆసుపత్రుల్లో అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మందు ఎక్కడైనా దొరుకుతుంది, సూది దొరుకుతుంది, ఆ పని తెలిసిన చేయి మాత్రం రోగి మంచం దగ్గరికి రాదు.

మరదలే ఎవరెవరితోనో మాట్లాడి ఇంకో ఆసుపత్రి చెప్పింది, అదీ కర్నూల్లోనే. సంతకాలు పెట్టి సాయంత్రం అయిదు గంటలకు మార్చాం. ఈ మార్చడంలో జేజి పడిన బాధ రాయాలంటే నాకు చేయి రావడం లేదు, వదిలేస్తా.

అక్కడే ఆ నర్సమ్మ, ఆ పదికి ఎంత ప్రశ్న. బరువుకు తగ్గట్టు పారాసిటమాల్ సెలైన్లో ఎక్కించారు, ఇటుకలు తీసేశారు. ఆరున్నరకు మత్తు డాక్టర్ వచ్చింది, చిన్న వయసు, ముప్పై దాటి ఉండవు, చేత్తో ఒక స్కానింగ్ మిషన్ తోసుకుంటూ. ముందు జేజితో మాట్లాడింది, తర్వాతే మాతో. "అవ్వా, గజ్జల దగ్గర ఒక సూది వేస్తా. నడుముకు కాదు. నీకు నిద్ర పట్టించను. కాలు బరువెక్కినట్టు అయితది, నొప్పి దిగుతది." నన్ను అడిగిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. ఇంతకుముందు పళ్ళ డాక్టర్ దగ్గర తిమ్మిరి సూది పడలేదా, రక్తం పల్చబడే మాత్రలు ఏం వాడుతోంది, గజ్జల్లో పుండ్లు, కురుపులు ఏమైనా ఉన్నాయా. జేజి గుండెకని ఎకోస్ప్రిన్ వేసుకుంటుంది. అది ఒక్కటే అయితే ఇబ్బంది లేదు, క్లోపిడోగ్రెల్ లాంటివి ఉంటే మాత్రం నడుముకు ఇచ్చే మత్తుకు రోజులు లెక్కబెట్టాల్సి వస్తుంది, ఈ బ్లాక్ వేసే చోట పైనుంచి నొక్కి రక్తం ఆపొచ్చు కాబట్టి దీనికి అంత పట్టింపు ఉండదు అంది.

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. మోటార్ వైండింగ్ చేస్తానని చెప్పి, నాకు తెలిసిన భాషలో అడిగాను. "అంటే మేడం, నిన్న ఇచ్చిన ట్రమడాల్ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆపేసినట్టు, ఒక మోటారు కోసం ఊరంతా చీకటి. ఇది ఆ ఒక్క మోటారు ఫ్యూజు పీకడం. అంతేనా?" ఆమె నవ్వి, "అంతే, కానీ మీ మోటారుకు మూడు ఫేజులు ఉన్నాయి" అంది. తుంటికి, తొడకు వచ్చే నరాల్లో ముఖ్యమైనవి మూడట. తొడ ముందు భాగంలో దిగే ఫెమోరల్, తొడ బయటి పక్క చర్మానికి పోయేది ఒకటి, లోపలి పక్కన ఆబ్ట్యురేటర్. ఈ సూదితో మొదటి రెండూ బాగానే మొద్దుబారతాయి, మూడోది చాలాసార్లు అందదు, వెనక నుంచి వచ్చే సన్న తీగలు ఇంకా కొన్ని ఉంటాయి, కాబట్టి నొప్పి మొత్తం పోతుందని మాటివ్వను అని ముందే చెప్పేసింది. దీని పేరు ఫేషియా ఇలియాకా బ్లాక్. 1989లో డాలెన్స్ అనే ఫ్రాన్స్ డాక్టర్ మొదట పిల్లల కోసం రాసిన పద్ధతి, ఇప్పుడు ఎక్కువగా పనికొస్తున్నది ముసలివాళ్ళకు.

సూది వేసే ముందు జేజి పాదం వేళ్ళు కదపమంది, దూదితో కాలంతా తాకుతూ తెలుస్తోందా అని అడిగి రాసుకుంది. మొద్దుబారాక ఏం తెలుస్తుంది, అందుకే ముందే. మేమూ వైరు విప్పే ముందు రీడింగ్ తీసి పెట్టుకుంటాం.

పరదా లాగారు. జేజి "మొగోళ్ళు బయటికి పోండి" అంది, ఆ నొప్పిలోనూ. డాక్టరమ్మ గజ్జల దగ్గర కొంచెం చోటు వదిలి మిగతా అంతా గుడ్డలతో కప్పించి, నన్ను తల వైపు నిలబెట్టి, "మీ మనవడు స్క్రీన్ మాత్రమే చూస్తాడులే" అని ఒప్పించింది. చేతికి సెలైన్ సూది ఉందా లేదా చూసుకున్నారు, ఛాతీకి మూడు తీగలు, వేలికి క్లిప్పు, చేతికి బీపీ పట్టీ. ట్రేలో పాల లాంటి తెల్లటి మందు సీసా ఒకటి ఉంటే ఏంటని అడిగాను. తిమ్మిరి మందు పొరపాటున రక్తంలోకి ఎక్కువ పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు, అప్పుడు ఎక్కించే కొవ్వు మందు అది, ఇరవై శాతం లిపిడ్, కిలోకు ఒకటిన్నర మిల్లీలీటరు చొప్పున ముందు ఒక్కసారిగా ఇస్తారట. అది పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టను అంది. వినగానే టెన్షన్ వచ్చింది, కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే, ఫైర్ బకెట్ పెట్టుకుని వెల్డింగ్ చేసేవాడి మీదే కదా మనకు నమ్మకం.

జేజి బరువు 46 కిలోలు. రోపివకైన్ అనే తిమ్మిరి మందు 0.75 శాతంది 15 మిల్లీలీటర్లు, అంతే సెలైన్ కలిపి 30 చేసింది. అంటే 112 మిల్లీగ్రాముల చిల్లర. కిలోకు మూడు మిల్లీగ్రాములు దాటకూడదు, ఈమెకు 138, లోపలే ఉన్నాం అని బయటికే లెక్క చెప్పింది, నర్సమ్మ తిరిగి చెప్పి రాసుకుంది. ఏ కాలు అని ఇద్దరూ ఒకసారి, జేజిని ఇంకోసారి అడిగారు. ఇరిగిందాన్ని పట్టుకుని ఏ కాలంటారేంది అని జేజి విసుక్కుంది.

స్క్రీన్ మీద నాకు మొదట వాన నీళ్ళ మరకలే కనిపించాయి. ఆమె చూపిస్తే తెలిసింది. నల్లగా గుండ్రంగా ఎగిరెగిరి పడేది రక్తనాళం. దాని పక్కన తెల్లగా తేనెతుట్టె ముక్కలా ఉన్నది నరం. ఆ పక్కన కండ, కండ మీద దుప్పటి కప్పినట్టు ఒక తెల్లటి గీత. మందు పోవాల్సింది నరంలోకి కాదు, రక్తనాళంలోకి అసలే కాదు, ఆ గీతకూ కండకూ మధ్యకు. అక్కడ పోస్తే అదే పాకుకుంటూ పోయి నరాలను చేరుతుందట. నాకు వెంటనే స్లాటులో ఇన్సులేషన్ పేపర్ వెనక వార్నిష్ పోసినట్టు అనిపించింది, ఒక చోట పోస్తే తీగల సందుల్లోకి అదే పోతుంది. మిషన్ లేని రోజుల్లో, లేని చోట ఇప్పుడు కూడా, పై ఎముకల గుర్తులు పట్టుకుని, సూది రెండు పొరలు దాటేటప్పుడు తగిలే రెండు టప్పులను చేత్తో తెలుసుకుని వేసేవారట. చూస్తూ వేస్తే ఎక్కడ పడిందో తెలుస్తుంది.

ముందు చర్మానికి సన్న సూదితో కాస్త తిమ్మిరి మందు, అప్పుడు ఒక్క చురుక్కు. తర్వాత పెద్ద సూది, మొన మొండిగా ఉంటుంది, అది దిగుతుంటే జేజి మొహంలో ఏమీ మారలేదు, నా మొహంలో మారిందేమో నర్సమ్మ నన్ను స్టూల్ మీద కూర్చోబెట్టింది. తెల్లగీత కింద కొంచెం సెలైన్ వదిలితే అక్కడ చీకటి మడుగులా విచ్చుకుంది, "వచ్చింది" అంది డాక్టరమ్మ. ఐదు మిల్లీలీటర్లకొకసారి ఆగి, వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూసి, జేజిని అడుగుతోంది. "నోట్లో ఇనుము రుచి వస్తోందా అవ్వా? నాలుక తిమ్మిరిగా ఉందా? చెవుల్లో గుయ్యిమంటోందా?" జేజి, "నోట్లో పండ్లే లేవు, ఇనుమెవురు తిన్నారు, చెవులు పదేండ్ల నుంచి గుయ్యిమంటానే ఉండాయి" అంది. డాక్టరమ్మ సూది కదలకుండా నవ్వు ఆపుకోవడం నేను చూశాను. మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుంది.

వెంటనే ఏమీ జరగలేదు. ఇది నేను ప్రత్యేకంగా రాస్తున్నా, ఎందుకంటే మా నాయన ఐదు నిమిషాలకే "ఏం తగ్గలా, డబ్బులు దండగ" అన్నాడు. ఇరవై, ముప్పై నిమిషాలు ఆగాలని ఆమె చెప్పే పోయింది. నర్సమ్మ ఐదు నిమిషాలకొకసారి బీపీ చూస్తోంది, కాలిని కొద్దిగా కదిపి అడుగుతోంది. పది నిమిషాలకు జేజి "పదారణాలే" అంది. పావుగంట దాటాక "ముప్పావలా". తొడ మీద ఐసు ముక్క పెడితే చల్లగా లేదంది. ఇరవై ఐదు నిమిషాలకు, "అర్ధ రూపాయి... లే, ఇంకా తక్కువే" అని ఆగి ఆగి చెప్పింది. అరగంట దాటాక కాలు ఎత్తి దిండు పెడితే, "పావలా." నర్సమ్మ ఈసారి నన్ను అడగకుండానే మూడు అని వేసుకుంది.

ఆ మిగిలిన పావలా గజ్జల లోపలి వైపు అని జేజి చేయి పెట్టి చూపించింది. మూడో ఫేజు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే.

తర్వాత ఏం జరిగిందంటే, జేజి నీళ్ళు అడిగింది. ఒక గ్లాసు తాగి ఇంకో గ్లాసు అడిగింది. అత్త బెడ్‌పాన్ పెట్టింది, ఎత్తినప్పుడు కళ్ళు మూసుకుంది అంతే. ఒకటిన్నర రోజుగా కింద నలిగిన దుప్పటి తీసి మార్చారు, వీపు తుడిచారు, వీపు మీద అప్పటికే ఒక ఎర్రటి మచ్చ పడి ఉంది. తల వైపు మంచం ఎత్తి కూర్చోబెడితే ఇడ్లీ ఒకటిన్నర తినింది. అత్త బయటికి వచ్చి వరండాలో కూర్చుని ఏడ్చింది. ముందురోజు ఏడవని మనిషి.

రాత్రికి మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తి, తలాపున "ఎడమ కాలికి మత్తు ఇచ్చారు, నిలబెట్టరాదు" అని కాగితం అంటించారు. విరిగిన కాలు ఎట్లాగూ నిలబడదు కదా అంటే, నొప్పి తెలియకపోయేసరికి మతిమరుపులో దిగబోయిన వాళ్ళున్నారట. మడమ కింద మెత్త పెట్టారు, ఒత్తుకుని పుండు పడకూడదని. చీలమండ దగ్గర పాదం ఆడిస్తూనే ఉంది జేజి, ఆ నరం వేరే దారిలో వస్తుందట. పారాసిటమాల్ మాత్రం ఆరు గంటలకొకసారి ఆపలేదు, బ్లాక్ దిగిపోయే వేళకు అది ఆధారం. తికమక పూర్తిగా పోయిందని చెప్పను. రెండు గంటలకు ఒకసారి లేచి ఎనుముల సంగతి అడిగింది. కానీ పైపు పీకలేదు, అత్తను గుర్తుపట్టింది, మళ్ళీ పడుకుంది.

తెల్లవారుజామున ఐదున్నరకు నొప్పి తిరిగి వచ్చింది, ముప్పావలాకు. పది పదకొండు గంటలు పనిచేసినట్టు. దిగుతుందని ముందే చెప్పినా, మళ్ళీ ఆ మొహం చూస్తే కాళ్ళు వణికాయి. తొమ్మిదికి థియేటర్ బయట ఇంకో రకం బ్లాక్ వేశారు, పెంగ్ అంటారు, టొరంటో డాక్టర్లు 2018లో రాసిన కొత్త పద్ధతి, ఇరవై మిల్లీలీటర్లు చాలు, తుంటి కీలు పొర దగ్గరికే పోతుంది కాబట్టి తొడ కండ బలం అంతగా తగ్గదట. అసలు ఉపయోగం, నడుముకు మత్తు ఇవ్వాలంటే మనిషిని కూర్చోబెట్టి వంచాలి. విరిగిన తుంటితో కూర్చోవడం! లోపలికి నన్ను రానివ్వలేదు. తర్వాత డాక్టరమ్మే చెప్పింది, కూర్చోబెట్టి వీపు తుడుస్తుంటే జేజి ఆమెను పెళ్ళయిందా, అబ్బాయిది ఏ ఊరు అని అడిగిందట. ఆపరేషన్ గంటా పావు, తొడ ఎముక లోపల పీఎఫ్‌ఎన్ అనే రాడ్, ఒక బాటిల్ రక్తం. మరుసటి రోజు వాకర్ పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

ఇంటికొచ్చాక చదివితే, బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2011లో ఇచ్చిన సూచనల్లోనే ఇదంతా ఉంది. తుంటి విరిగిన మనిషి ఆసుపత్రికి రాగానే నొప్పి ఎంతో చూడాలి, మందు ఇచ్చిన అరగంటలోపు మళ్ళీ చూడాలి, పారాసిటమాల్, మార్ఫిన్ లాంటివి సరిపోకపోతే నరాల బ్లాక్ సంగతి ఆలోచించాలి. నాకు బాగా పట్టుకున్న మాట ఇంకోటి ఉంది అందులో. పరీక్షలకు, నర్సింగ్ పనులకు మనిషిని కదపగలిగేంత నొప్పి తగ్గాలి అని. అంటే లెక్క పడుకున్నప్పటి బేడతో కాదు, కదిలినప్పటి పదహారణాలతో. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2020లో వీటిని చూసినప్పుడు కూడా, బ్లాక్ ఇచ్చిన అరగంటలో కదిలినప్పటి నొప్పి తగ్గుతుందని, ఆ తికమక వచ్చే అవకాశం తగ్గుతుందని, తొందరగా లేచి నడుస్తారని తేలింది. మా మొదటి ఆసుపత్రి రౌండ్లలో డాక్టర్లు వచ్చి "ఎలా ఉన్నావు అవ్వా" అంటే జేజి "బాగుండా నాయనా" అనేది. కదలకుండా పడుకుని ఉంది కదా మరి, నిజమే చెప్పింది.

బిల్లులో ఆ మందుకు, సూదికి కలిపి మొదటిసారి పడింది రెండు వేల లోపే. నాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

ఇప్పుడు మా ఊర్లో ఎవరు పడినా నా షాపుకు వస్తున్నారు. పోయిన నెల రామాలయం వీధిలో ఒకాయన పడితే అంబులెన్స్‌లో నేనే ఎక్కాను. క్యాజువాలిటీలో గొడవపడలేదు, "సార్, కదిలిస్తే ఓర్చుకోలేకపోతున్నాడు, నరాల బ్లాక్ ఇవ్వడానికి వీలుందా, మత్తు డాక్టర్ ఉన్నారా" అని అడిగానంతే. ఆయన నన్ను ఎగాదిగా చూసి నువ్వు ఏ ఆసుపత్రిలో పని చేస్తావన్నాడు. వైండింగ్ షాపు అని చెప్పలేదు. గంటన్నరకు ఇచ్చారు.

జేజి కర్ర పట్టుకుని తులసికోట దాకా నడుస్తోంది. మళ్ళీ కార్తీకం వస్తోంది, తలస్నానం మానదు, ఆ విషయంలో మేం ఓడిపోయాం. రాళ్ళు కొట్టే మనిషిని పిలిపించి బచ్చలిలో బండ మీద ఉలితో అంగుళానికొక గాటు పెట్టించాను, గోడకు ఇనుప కమ్మీ బిగించాను. బంగారం లాంటి బండ పాడుచేసినావని నాయన, జేజి ఇద్దరూ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.